ఆరోవానా, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ కోసం 5 అడుగుల ట్యాంకా, 6 అడుగులదా? (నల్గొండ, మొదటి అంతస్తు)

నీలగిరి పోరడు | నల్గొండ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. కొత్త మెంబర్‌ని, తప్పులుంటే ఏమనుకోకండి.

నా దగ్గర 4 × 1.5 × 1.5 అడుగుల ట్యాంకు ఉంది. దసరాకు సిల్వర్ ఆరోవానా పిల్లను తెచ్చాను, ఇప్పుడు 6 అంగుళాలు. దానికి తోడుగా ఉంటుందని దుకాణంలోనే 3 అంగుళాల రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా అంటగట్టారు. ఎర్ర తోక, తెల్ల పొట్ట, పొడుగు మీసాలు, చూడముచ్చటగా ఉందని నేనూ కాదనలేదు. "నాలుగడుగుల ట్యాంకు జీవితాంతం చాలు, చేప ట్యాంకును బట్టే పెరుగుతుంది" అన్నారు. రెండు నెలల్లో క్యాట్‌ఫిష్ 7 అంగుళాలు దాటింది. ఇక టెన్షన్ మొదలైంది.

5 × 2 × 2 చేయించాలా, 6 × 2 × 2 చేయించాలా? మేముండేది మొదటి అంతస్తు, అద్దె ఇల్లు. ఖర్చు ఒక్కసారే పెట్టగలను. ఇంకో సంగతి, ఆరోవానా ఇంట్లో ఉంటే వాస్తుకు మంచిదని మా అమ్మ నమ్మకం. కాబట్టి దాన్ని ఇచ్చేయమని మాత్రం చెప్పకండి.

పాలమూరు పులుసు | మహబూబ్‌నగర్ | ఆదివారం రాత్రి 9:52

తమ్మీ, ట్యాంకు సైజు రేపు మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రే ఆ రెండింటినీ వేరు చేయి. 7 అంగుళాల రెడ్‌టెయిల్ నోరు తెరిస్తే 6 అంగుళాల ఆరోవానా సన్నగా, నున్నగా లోపలికి జారిపోతుంది. ఆ క్యాట్‌ఫిష్ తిరిగేదే రాత్రి పూట. లైటు ఆపి పడుకున్నావంటే పొద్దున ఒక్క చేపే ఉంటుంది, దాని పొట్ట మాత్రం లావుగా ఉంటుంది.

నీలగిరి పోరడు | ఆదివారం రాత్రి 9:58

వేరే ట్యాంకు లేదన్నా. మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టనా?

పాలమూరు పులుసు | ఆదివారం రాత్రి 10:03

అది జాలీని తలతో నెట్టేస్తుంది. ఇంట్లో 200 లీటర్ల నీలం డ్రమ్ము ఉంటే ఈ ట్యాంకు నీళ్లే సగం పోసి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి, క్యాట్‌ఫిష్‌ను అందులో దింపు. పైన జల్లెడో గంపో బోర్లించి ఒక ఇటుక పెట్టు. కొన్నాళ్లు మేత మానేసినా దానికేం కాదు.

నీలగిరి పోరడు | ఆదివారం రాత్రి 10:47

దింపేశాను. మా నాన్న "డ్రమ్ములో చేపేంది, నీళ్లు ఎక్కడ పట్టుకోవాలె" అని ఒకటే గొడవ.

గాజుపని | మహబూబ్‌నగర్ | సోమవారం ఉదయం 7:15

నేను పదహారేళ్లుగా ట్యాంకులు కడుతున్నాను. నా బేరం నేనే చెడగొట్టుకునే మాట ఒకటి చెప్తా, వినండి.

ఎవరొచ్చినా "ఎన్ని లీటర్లు కావాలి" అని అడుగుతారు. పెద్ద వేట చేపకు లీటర్ల కంటే ముందు చూడాల్సింది కొలతలు. పొడవు ఈత కోసం, వెడల్పు మలుపు కోసం, ఎత్తు మన కళ్ల కోసం. ఆరోవానా నీటి పైపొరలో తిరిగే చేప, దానికి మూడడుగుల లోతు ఇచ్చినా కింది అడుగున్నర ఖాళీయే. వెడల్పు మాత్రం తగ్గకూడదు. చేప ఎంత పొడవు పెరుగుతుందో ట్యాంకు కనీసం అంత వెడల్పు, దానికి మూడింతల పొడవు ఉంటే అది మామూలుగా తిరగగలదు. ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సింది ఇవాళ్టి 6 అంగుళాలను కాదు, పూర్తిగా ఎదిగిన సైజును. సిల్వర్ ఆరోవానా అమెజాన్ నదిలో మూడడుగుల దాకా పెరుగుతుంది, ఇళ్లల్లో రెండు, రెండున్నర అడుగులు. వెన్ను బాగా వంగే చేప కాబట్టి కొంచెం సర్దుకుంటుంది. నా లెక్కలో 6 × 2.5 × 2 కనీసం, 8 × 3 × 2 అయితే సుఖం. మీరు అడిగిన 6 × 2 × 2 లో ఏడాదిన్నర బాగానే నడుస్తుంది, తర్వాత మలుపు తిరిగిన ప్రతిసారీ మూతి గాజుకు రాసుకుంటుంది.

ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. మీ పాత ట్యాంకు 255, 5 × 2 × 2 అయితే 566, 6 × 2 × 2 అయితే 680, 6 × 2.5 × 2 అయితే 850 లీటర్లు. అంటే అరడుగు వెడల్పు పెంచితే 170 లీటర్లు కలిసొచ్చాయి. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది కాబట్టి వెడల్పు పెంచినందుకు ముందు అద్దం మందం పెంచక్కర్లేదు. రెండడుగుల ఎత్తుకు, ఆరడుగుల పొడవుకు నేను 12 ఎంఎం వాడతాను, పైన అడ్డపట్టీలు వేస్తాను. 8 ఎంఎంతో అగ్గువకు కట్టిస్తామనే వాళ్లు ఉంటారు. నీళ్లు నింపాక ముందు అద్దం పొట్టలా ఉబ్బడం నేను కళ్లారా చూశాను. సిలికాన్ పెట్టాక వారం రోజులు ఆరనివ్వాలి, మూడో రోజే నీళ్లు పోయించుకుంటామని తొందరపెట్టకండి.

ఇక రెడ్‌టెయిల్ సంగతి. అది నదిలో నాలుగడుగులు దాటుతుంది, 40 కిలోల పైన తూగినవీ ఉన్నాయి. ఇళ్లల్లో కూడా మూడడుగులు మామూలే. దానికి కావాల్సింది గాజు పని కాదు, తాపీ పని.

మిర్యాల రైస్ | మిర్యాలగూడ | సోమవారం ఉదయం 8:30

అందరూ కలిసి కొత్త పిల్లగాణ్ని భయపెడుతున్నారు. మా బంధువుల దుకాణంలో మూడడుగుల ట్యాంకులో ఆరోవానా రెండేళ్లుగా ఉంది. అడుగు కూడా దాటలేదు. చేప స్థలాన్ని బట్టే పెరుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. మా వ్యవసాయ బావిలో కొర్రమీను చిన్న గుంతలో బతకడం లేదా?

వనపర్తి అక్క | వనపర్తి | సోమవారం ఉదయం 11:20

ఈ మాట నమ్మే నేను నా ఆరోవానాను పోగొట్టుకున్నాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

నాది 5 × 1.5 × 2 ట్యాంకు. హాలులో గోడకు చక్కగా సరిపోతుందని వెడల్పు అడుగున్నరకే ఆపించాను. చేప 14 అంగుళాల దాకా ముచ్చటగా పెరిగింది. తర్వాత నెమ్మదించింది. నేనూ మీలాగే "ట్యాంకు చూసి ఆగింది" అనుకుని సంతోషపడ్డాను. నిజానికి అది ఆగింది నీళ్లు పాడై. చేప మురికి వల్ల నీళ్లలో పేరుకునే నైట్రేట్‌ను కొలిచే కిట్టు కొని చూస్తే రంగు ఎర్రగా, పట్టికలో చివరి గడికి వెళ్లింది. వారానికి సగం నీళ్లు మార్చడం మొదలుపెట్టాక మళ్లీ పెరిగి 19 అంగుళాలైంది. అప్పుడు అసలు సమస్య మొదలైంది. 18 అంగుళాల వెడల్పులో 19 అంగుళాల చేప! తిరగాలంటే తోకను అద్దానికి తన్ని, ఒళ్లు మడిచి తిరిగేది. ముక్కు దగ్గర పుండు. ఒక కన్ను ఎప్పుడూ కిందికే చూసేది.

ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. ఫిల్టర్ పైపు కోసం మూతలో నాలుగు వేళ్లంత సందు వదిలాం. పొద్దున లేచేసరికి సోఫా కింద ఉంది. అమెజాన్‌లో ఈ చేప నీళ్లలోంచి పైకెగిరి కొమ్మల మీది పురుగులను పట్టుకు తింటుంది. దానికి మన మూత ఒక లెక్కా?

రెండేళ్లు బతికింది అంటున్నారు. ఈ చేప బాగా చూసుకుంటే పదేళ్ల పైన బతుకుతుంది. అందులో రెండేళ్లంటే ఎంత?

మిర్యాల రైస్ | సోమవారం మధ్యాహ్నం 12:05

అక్కా, మీ చేప గురించి విని బాధేసింది. కానీ కొర్రమీను సంగతి చెప్పలేదు.

పాలమూరు పులుసు | సోమవారం మధ్యాహ్నం 12:40

నేను చెప్తా, చేపల పులుసు మీద నాకున్నంత అనుభవం ఇక్కడ ఎవరికీ లేదు.

కొర్రమీను మన రాష్ట్ర చేప అని ఊరికే అనలేదు. దానికి తల లోపల గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది, పైకొచ్చి గుటక వేసి పోతుంది. అందుకే చెరువు ఎండి బురదైనా కొన్నాళ్లు బతుకుతుంది. పైగా అది పొంచి ఉండి వేటాడే రకం. గంట సేపు కట్టెలా కదలకుండా ఉంటుంది, ఒక్క ఉదుటున దూకుతుంది. రోజంతా ఈదే ఆరోవానాకు, దీనికి పోలికే లేదు. పులి బోను కొలత జింకకు సరిపోదు అన్నా.

ఇంకో లెక్క చూడండి. 4 అంగుళాల పిల్ల 24 అంగుళాలైతే పొడవు ఆరింతలే. కానీ పొడవుతో పాటు వెడల్పు, మందం కూడా ఆరింతలవుతాయి కాబట్టి బరువు 216 ఇంతలు. తినేదీ, విసర్జించేదీ దానికి తగ్గట్టే పెరుగుతాయి. "ఇన్నాళ్లు సరిపోయింది కదా" అనేది ఇక్కడే బోర్లాపడుతుంది.

స్లాబు లెక్క | సూర్యాపేట | సోమవారం రాత్రి 8:10

సివిల్ ఇంజనీర్‌ని, చేపల గురించి పెద్దగా తెలియదు. ఫస్ట్ ఫ్లోర్, అద్దె ఇల్లు అని చదివి ఆగలేకపోయాను.

6 × 2.5 × 2 ట్యాంకులో పైన రెండంగుళాలు వదిలినా నీళ్లు దాదాపు 780 కిలోలు. 12 ఎంఎం గాజు చదరపు మీటరుకు 30 కిలోలు, ఈ ట్యాంకుకు సుమారు 135. ఇనుప స్టాండు, కింద సంపు (నీళ్లు వడకట్టే చిన్న ట్యాంకు), అందులో నీళ్లు కలిపితే మొత్తం 1,100 కిలోలు. అంటే పదిహేను మంది ఒక మంచమంత జాగాలో రాత్రీ పగలూ కదలకుండా నిలబడినట్టు. ఇళ్ల స్లాబులకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువుల భారత ప్రమాణం) ప్రకారం తీసుకునే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. మీ ట్యాంకు కింద అది 800 దగ్గరకు వస్తుంది.

దీనర్థం స్లాబు రేపే కూలిపోతుందని కాదు. ఆ 200 గది మొత్తానికి పరచిన లెక్క, మిగతా గది ఖాళీగా ఉంటుంది. కానీ ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. గది మధ్యలో వద్దు, బాల్కనీ వైపు అసలు వద్దు. కింది అంతస్తులో గోడ గానీ బీము గానీ ఉన్న చోట, ట్యాంకు పొడవు ఆ గోడ లేదా బీము వెంబడే వచ్చేలా, పిల్లర్‌కు దగ్గరగా పెట్టాలి. డ్రాయింగ్ లేకుండా ఫోన్లో ఫోటో చూసి ఎవరైనా "ఏం కాదు" అంటే నమ్మకండి. బండలు పరిచిన పాత మిద్దె అయితే ఆలోచనే మానుకోండి. నన్నడిగితే గ్రౌండ్ ఫ్లోర్‌లో, నేల మీద వేసిన బండల మీద పెట్టడం ఉత్తమం.

అన్నట్టు ఇంటి ఓనర్‌కు చెప్పారా?

నీలగిరి పోరడు | సోమవారం రాత్రి 8:25

చెప్పలేదు సార్. 255 లీటర్ల ట్యాంకు పెట్టినప్పుడే "మోటర్ ఎక్కువ తిరుగుతోంది" అన్నారు.

వనపర్తి అక్క | సోమవారం రాత్రి 9:00

నీళ్ల సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. వారానికి మూడో వంతు మార్చినా 850 లీటర్లలో 280 లీటర్లు కావాలి. ఎక్కడి నుంచి వస్తాయి? నల్లానా, బోరా?

నీలగిరి పోరడు | సోమవారం రాత్రి 9:11

రెండూ ఉన్నాయక్కా. నల్లా కృష్ణా నీళ్లు, రోజు విడిచి రోజు. బోరు ఎప్పుడూ ఉంటుంది కానీ గిన్నెలకు తెల్ల చార పడుతుంది. నల్గొండ బోరు కదా, ఫ్లోరైడ్ ఉంటే చేపకు పళ్లు పాడవుతాయా అని మా తమ్ముడి వెటకారం.

పాలమూరు పులుసు | సోమవారం రాత్రి 9:30

తమ్ముడికి చెప్పు, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అని పేరు. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లను తేర్చడం. పుస్తకాలకెక్కింది మన ఊరి పేరు, ఏ కష్టానికి ఎక్కిందో తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

ఆ బ్లీచింగ్ మాత్రం చేపకు విషం. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములో పట్టి, ఒక రోజు గాలి పెట్టి, తర్వాత పోయండి. తొందరైతే దుకాణాల్లో హైపో అని పలుకులు దొరుకుతాయి, చీటీ మీద రాసినంతే వేయండి. బోరు నీళ్లు గట్టివి. ఆరోవానాకు మెత్తటి నీళ్లు ఇష్టం, అయినా అలవాటు పడుతుంది. ఒక వారం బోరు, ఒక వారం నల్లా అని పోస్తే మాత్రం తట్టుకోలేదు. ఏదో ఒకటి, లేదా రెండూ ఎప్పుడూ ఒకే పాళ్లలో కలిపి పోయండి.

గాజుపని | మంగళవారం ఉదయం 6:50

స్లాబు సార్ చెప్పింది చదివాక నా మాట కొంచెం మారుస్తున్నా. పైన 850 లీటర్లు పెట్టమని ఇక చెప్పను. నీలగిరీ, మీ కింద పోర్టికో ఉందా? ఓనర్ ఒప్పుకుంటారా?

రెడ్‌టెయిల్‌ను మాత్రం ఎవరికైనా ఇచ్చెయ్. దుకాణం వాళ్లు తిరిగి తీసుకుంటే సరే. చెరువులో, కాలువలో మాత్రం వదలకు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది, ఇప్పటికీ చెరువుల్లో వలకు పడుతూనే ఉంది. అద్దాలు నాకుతుందని కొనుక్కునే సక్కర్ చేప ఎవరింట్లోంచి పోయిందో ఏమో, ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది.

బత్తాయి తోట | దేవరకొండ దగ్గర | మంగళవారం మధ్యాహ్నం 2:15

నమస్తే. నేను ఇక్కడ చదువుడే తప్ప రాసుడు తక్కువ.

నా తోటలో డ్రిప్పు కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉంది. 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 4 లోతు. లెక్కేస్తే 22,000 లీటర్ల పైనే. అందులో మూడేళ్ల నుంచి రెండు రెడ్‌టెయిల్స్ ఉన్నాయి, అవీ ఇట్లనే ఒకరింట్లో పట్టక వచ్చినవే. పెద్దది మూడడుగులకు దగ్గరుంది. రోజూ తొట్టిలో నీళ్లు చెట్లకు పోతాయి, బోరు నుంచి కొత్తవి వస్తాయి, కాబట్టి నేను ప్రత్యేకంగా నీళ్లు మార్చేది లేదు. చేప మురికి చెట్లకు మంచిదే. డ్రిప్పు పైపులు మాత్రం మొదట్లో రెండుసార్లు మూసుకుపోయినయ్, ఫిల్టరు ముందు ఇంకో జాలీ పెట్టిన. తొట్టి గట్టు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంది, వాన ఎంత కొట్టినా చేప వాగులోకి పోదు.

చలికాలం మేత తగ్గిస్తా. బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి ఇప్పటి దాకా ఏం కాలేదు. పైన ఇనుప జాలి వేసింది చేప కోసం కాదు, కోతుల కోసం. మొదటి ఏడాది తొట్టిలో దిగి ఈత కొట్టినయ్.

మీ పిల్లను నాకియ్యండి. కానీ మావాటికి మేత కాకుండా అడుగున్నర దాటే దాకా పక్క గోలెంలో ఉంచుతా. పైసలేం వద్దు.

మిర్యాల రైస్ | మంగళవారం మధ్యాహ్నం 3:00

కొత్త సిమెంటు తొట్టిలో చేపలు చస్తాయని విన్నాను. మీకు కాలేదా?

బత్తాయి తోట | మంగళవారం సాయంత్రం 6:30

అయితది. సిమెంటులో సున్నం నీళ్లల్లోకి దిగుతది. నింపుడు, నాలుగైదు రోజులకు పారబోసుడు, మళ్ల నింపుడు. అట్ల నెలన్నర చేసినం. అరటి బొందలు కోసి అందులో నానేసిన. మా నాయిన పద్ధతి అది, ఎందుకు పని చేస్తదో నన్నడగకుండ్రి.

నీలగిరి పోరడు | శనివారం సాయంత్రం 5:20

అప్‌డేట్. రెడ్‌టెయిల్ దేవరకొండ చేరింది. రెండు రోజులు మేత ఆపి, మూత ఉన్న డ్రమ్ములో బ్యాటరీ ఎయిర్ పంపుతో తీసుకెళ్లాం. తోటలో పెద్ద చేపను చూశాక నా నోట మాట రాలేదు. నా హాలులో ట్యాంకు మొత్తం పొడవులో ముప్పావు వంతు ఉంది. మా వాళ్లకు ఫోటో చూపిస్తే "దీన్నా నువ్వు ఇంట్లో పెంచుదామనుకున్నది?" అన్నారు.

ఓనర్‌తో మాట్లాడాను. పోర్టికోలో బైకుల పక్కన గోడవారగా జాగా ఇస్తామన్నారు, నీళ్ల మోటర్ కరెంటు నెలకు కొంత ఇవ్వాలన్న షరతు మీద. వాళ్ల పాపకు రోజూ మేత వేసే పని కావాలట. 6 × 2.5 × 2 గాజుపని అన్నకే ఆర్డర్ ఇస్తున్నా. వాస్తు ప్రకారం ఈశాన్యం కాదని అమ్మ కొంచెం గొణిగింది.

గాజుపని | శనివారం రాత్రి 8:00

ఈశాన్యం కంటే ఎండ పడని మూల ముఖ్యమని అమ్మగారికి చెప్పండి. పోర్టికో అన్నారు కాబట్టి మూత మందం గాజుతో చేసి రెండు వైపులా క్లిప్పులు పెడతాను. పైపు కన్నం పైపుకు సరిపడా మాత్రమే ఉంటుంది, వనపర్తి అక్క రాసింది చదివిన నాటి నుంచి నాలుగు వేళ్ల సందు నేను ఎవరికీ వదలడం లేదు. స్టాండుకు ట్యాంకుకు మధ్య థర్మకోల్ షీటు మర్చిపోకండి.

నీలగిరి పోరడు | ఏప్రిల్, ఆదివారం ఉదయం

చాలా రోజులైంది. ట్యాంకు పెట్టి రెండు నెలలు. ఆరోవానా 11 అంగుళాలు. ఎండలకు నిన్న నీళ్లు 34 డిగ్రీలు చూపించాయి, చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. ఐసు గడ్డలు వేయొచ్చా?

వనపర్తి అక్క | అదే రోజు

ఐసు వద్దు, ఒక్కసారిగా చల్లబడితే ఇంకా ప్రమాదం. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ నిలవదు, అందుకే పైకొస్తోంది. రెండు ఎయిర్ స్టోన్లు ఎక్కువ పెట్టు. గాజు మూత తీసి దాని చోట సన్న జాలి బిగించి, టేబుల్ ఫ్యాను నీటి మీదికి వాలుగా తిప్పు. ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, తగ్గిన నీళ్లు రోజూ పోస్తుండు. మేత సగం చెయ్. మధ్యాహ్నం కరెంటు పోతే ఎయిర్ పంపు ఒక్కటైనా ఇన్వర్టర్ మీద నడవాలి. మేత ఏం వేస్తున్నావ్?

నీలగిరి పోరడు | అదే రోజు

రొయ్యలు పొట్టు తీసి, గుళికలు. కాలువలో పట్టిన చిన్న చేపలు వేయమని ఒకరు చెప్పారు కానీ జబ్బులు అంటుకుంటాయని మానేశాను.

మిర్యాల రైస్ | అదే రోజు

పాత నాలుగడుగుల ట్యాంకు ఏం చేశావ్? నాకు ఇస్తావా? పిరానాలు పెడదామని ఉంది.

పాలమూరు పులుసు | అదే రోజు

మిర్యాల అన్నా, దుకాణాల్లో పిరానా అని అమ్మేది చాలాసార్లు ఎర్ర పొట్ట పాకు. అంటే బజార్లో కిలోల లెక్కన తూచి ఇచ్చే రూప్‌చంద్. అదీ రెండడుగుల దాకా పోయే చేపే. మళ్లీ ఇదే కథ మొదటి నుంచి రాయిస్తావా మాతో?

నీలగిరి పోరడు | అదే రోజు

ఆ ట్యాంకు ఇవ్వనన్నా. అందులో ఇప్పుడు రెండు మట్టగిడసలు ఉన్నాయి. పానగల్ చెరువు దగ్గర చేపలు పట్టే ఆయన ప్రాణంతో ఇచ్చాడు. మూడు వారాలు డ్రమ్ములోనే ఉంచి, ఒంటి మీద మచ్చా పుండూ లేవని చూసుకున్నాకే దింపాను. కొర్రమీను తోబుట్టువులే కానీ అడుగు లోపే ఆగుతాయి, 255 లీటర్లు వాటికి హాయిగా ఉంది. మూత మీద ఇటుక పెట్టాను, ఇవీ దూకుతాయి. డ్రమ్ము గురించి గొడవపడ్డ మా నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని వాటి ముందే కూర్చుంటున్నాడు. మొన్న మెల్లగా అడిగాడు, "ఇంకెంత పెరగాలెరా, కూరకు?"

పాలమూరు పులుసు | అదే రోజు

ఇటుక తీసి తాళం వెయ్ తమ్మీ.